పుస్తకమునకు దీపమా? చదువరికి దీపమా?

తిరుపతిలోగాని చిత్తూరులోగాని క్రొత్తగా కట్టిన యిండ్లకు పోయినపుడు, ముందరి గదిలో గోడపొడుగున పుస్తకాల బీరువా యొకటి తఱచుగా కానవచ్చుచున్నది. ఇది చూచి నేను మిక్కిలి సంతోషించితిని. కాని యా బీరువా యరలలో ఎల్.ఇ.డి. పట్టీ దీపములు పొదిగించుట యిపుడు వాడుకయైనది. సాయంకాలము మీట నొక్కగానే పుస్తకములన్నియు ఉత్సవమూర్తులవలె వెలుగును. ఆ వెలుగున మాత్ర మెవరును చదువరు. ఈ కడపటి మాట కొఱకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొన్నటి దసరా సెలవులలో నొక మిత్రుని యింటికి పోతిని. వారి బీరువాలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రకటించిన యాంధ్ర మహాభారత సంపుటములు వరుసగా వెలుగుచుండెను. శాంతిపర్వమున నొక ఘట్టము చూడగోరి, ఒక సంపుటము తీయవచ్చునా యని యడిగితిని. "తీయవచ్చు నయ్యవారూ, కాని యద్దము జరిపితే లోపలి పట్టీ ఊడి వస్తుంది. మళ్లీ అతికించడానికి మనిషిని పిలవాలి" అని యాయన నొచ్చుకొనుచు చెప్పెను. అదే సమయమున పదవ తరగతి చదువుచున్న వారి కూతురు భోజనపు బల్లయొద్ద లెక్కలు చేసికొనుచుండెను. దీపము వెనుక నుండుటచే ఆ పిల్ల తల నీడ ఆ పిల్ల పుస్తకముపైననే పడుచుండెను. ఆ యింట వెలుగునకు కొఱత లేదు. అది చేరవలసిన చోటికి చేరలేదు, అంతే.

ఆయనను నిందించుట నా యుద్దేశము గాదు. రెండేండ్ల క్రిందట నేనును మా యింట నీ వేడుక చేయించినవాడనే. పనివారు పట్టీని పుస్తకముల వెనుక గోడకు అతికించిరి. వెలిగించి చూతును గదా, పుస్తకముల యంచులు మెఱసినవి. వీపులమీది పేరులు నల్లబడినవి! దీపము లేనప్పుడు చేతికి దొరకిన నిఘంటువు దీపము వెలిగించిన వెనుక కంటికి దొరకలేదు. డబ్బిచ్చి చీకటిని కొనితెచ్చుకొంటినని నా యిల్లాలు నవ్వినది. ఆ నవ్వు న్యాయమైనది.

కరెంటు ఖర్చు నా వాదము గాదు. మీటరునకు 10 వాట్ల పట్టీ 5 మీటర్లు అమర్చి దినమునకు 4 గంటలు వెలిగించినను నెలకు 6 యూనిట్లే యగును. 9 వాట్ల చదువుదీపము అంతకాలమే వెలిగినచో నెలకు ఒక యూనిటునకు కొంచెము మించును. రెండును భరింపదగినవే. అట్లయ్యు మన గృహస్థులు మొదటిదానికి వేలు వెచ్చించి, రెండవదానిని మఱచుచున్నా రనునదే నా ఫిర్యాదు.

ఈ దీపము ఎందుకు పుట్టినదో తలచుకొన్నచో నీ మఱపు మఱింత సిగ్గుచేటుగా తోచును. ఎఱ్ఱని డయోడు దీపములు 1960 దశాబ్దము నుండియు నున్నవి. నీలికాంతి సాధ్యము గానందున తెల్లని వెలుగు చాలకాలము చిక్కలేదు. జపానున పుట్టిన శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా గారలు దానిని సాధించి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందిరి. 2015లో కేంద్రప్రభుత్వము ఉజాలా పథకమును ప్రారంభించి ఈ బల్బులను చౌకగా నిండ్లకు చేర్చినది. స్వల్పమైన కరెంటుతో గుడిసెలో పిల్లవాడు గూడ చదువుకొనగల వెలుగు వచ్చినది. అట్టి వెలుగును మనము అట్టల యంచులకు పూయుచున్నాము.

"అందముగా నున్నచో పిల్లలు పుస్తకములవైపు పోవుదురు గదా" యని కొంద ఱందురు. చూచుట నిజమే. కాని నగల దుకాణములో నద్దము వెనుక దీపము పెట్టుట ముట్టవద్దని చెప్పుటకు. ఆ సంజ్ఞ పిల్లలకు మనకంటె బాగుగా తెలియును. "సరస్వతికి దీపము పెట్టిన తప్పా?" యని మఱికొందఱు. నవరాత్రులలో పుస్తకములను పీటపై నుంచి పూజించి, ఆనాటికి చదువు మాని, పూజ విప్పిన వెంటనే మఱల చదువుట మన సీమలో నాచారము. ఆ స్వల్పకాలపు విరామమును సంవత్సరమంతటికి పొడిగింపుమని యే శాస్త్రము చెప్పినది?

ఇంతకు నీ దీపము పుస్తకమున కైన మేలు చేయునా? చౌక కాగితములోని లిగ్నిను అను పదార్థము వెలుతురు తగిలినకొలది పసుపుబాఱును, కాగితము పెళుసగును, అట్టల రంగు వెలియును. ఈ హాని నానాటికి కూడుచుండునే గాని తగ్గదు. ఎల్.ఇ.డి. దీపమున అతినీలలోహిత కిరణము లత్యల్పమే. ఐనను నీలికాంతి యెక్కువగా గల చల్లని తెలుపు దీపమును పుస్తకమునకు అంగుళము దూరమున గంటలకొలది వెలిగించుట మంచిది గాదు. ప్రదర్శనశాలలలో ప్రాచీన పత్రములపై 50 లక్సులకు మించి వెలుగు పడనీయరు. చదువుకొను బల్లపై 300 లక్సు లైనను కావలెను. మన యిండ్లలో నీ లెక్క తలక్రిందైనది.

1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు గ్రంథాలయోద్యమమునకు సంఘము కట్టినది పుస్తకము చేతినుండి చేతికి పోవలె ననియే. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవ గ్రంథాలయమును నడిపి కాలువగట్టు పల్లెలకు పుస్తకములు చేర్పించిరి. అట్టి వారసత్వము గల మనము పక్క గదిలోని బిడ్డకైన పుస్తకము చేర్పలేమా?

దీపము వలదని నే ననను. మొదట ఇంట చదువుకొను ప్రతివారికి తగిన దీపము నమర్చుడు. కుడిచేత వ్రాయువారికి ఎడమ ప్రక్కనుండి వెలుగు రావలెను. తరువాత మిగిలిన సొమ్ముతో బీరువాకు పెట్టించుడు. అపుడు పట్టీని వెనుకగోడకు గాక, పై పలక ముందరి యంచున లోపలివైపు తిరుగునట్లు బిగింపుడు. పేరులు చదువ వచ్చును. 2700 మొదలు 3000 కెల్విన్ల పసుపుకాంతిని కోరుడు. పాలరంగు మూత వేయించుడు. డ్రైవరు పెట్టెను పుస్తకముల నడుమ గ్రుక్కక, గాలి తగులుచోట నుంచుడు. పుస్తకము వెదకునప్పుడే వెలిగించి, పని తీరగానే ఆర్పుడు. అద్దము పసిపిల్లకైన తెఱువ వచ్చునట్లుండవలె. తఱచు తీసి, దులిపి, చదువు చేయియే చెదపురుగునకును రామబాణమునకును నిజమైన శత్రువు.

ఆముదపు దీపము క్రింద ఒకరు భారతము చదువ, వాడవారు చీకటిలో కూర్చుండి విన్న రాత్రులను మన తాత లెఱుగుదురు. ఆ వెలుగు ఒక్క పుటపై పడి అందఱకును చాలినది. ఈ రాత్రి బీరువా మీట నొక్కుటకు ముందు, మీ యింట నెవరి పుటమీద నీడ పడుచున్నదో యొక్కసారి లేచి చూచి రండు.