సంబంధం విచారించినట్లే సంస్థనూ విచారించాలి

పిల్లకు సంబంధం చూసేటప్పుడు మన ఇళ్ళలో జరిగే విచారణ సామాన్యమైనది కాదు. ఇంటిపేరు, మేనమామలు, అప్పులు, అలవాట్లు అన్నీ ఆరా తీస్తాం. ఎదురింటివారినీ, పాలు పోసే మనిషినీ కూడా అడగకుండా వదలం. అదే బిడ్డ ఇంజనీరింగు ముగించి, ఏదో సాఫ్ట్‌వేర్ సంస్థ నుండి పిలుపు అందుకోగానే జీతం అంకె తప్ప మరేదీ అడగం. ఎవరైనా సందేహం వెలిబుచ్చితే వచ్చే సమాధానం ఒక్కటే: "మనవాళ్ళదేనట!"

రాజపాళయం వంటి ఊరిలో ఈ మాటకు చరిత్ర ఉంది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు ఇక్కడ నూలు మిల్లు స్థాపించారు. మిల్లులో చేరేవానికి యజమాని ఇల్లు తెలుసు. జీతం ఏ తేదీన ఇస్తారో పక్కింటివాడే చెప్పేవాడు. ఊరే సాక్షి గనుక వేరే విచారణ అవసరం లేకపోయింది. ఆ వ్యాపార కుటుంబం నుండే 1997లో రామ్‌కో సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కూడా ఏర్పడింది. కాని నేడు మన పిల్లలు వెళ్ళేది చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు నగరాలకు. అక్కడ ఊరు సాక్ష్యం చెప్పదు. ఫోనులో వినిపించే తెలుగు గొంతు ఒక్కటే మిగులుతుంది. హోసూరులోనైనా, తిరుత్తణిలోనైనా, బళ్ళారిలోనైనా ఇతర భాషల నడుమ నలిగిన మన చెవికి ఆ గొంతు చల్లగా తోస్తుంది. ఈ బలహీనతను ఎరిగి వాడుకొనేవారున్నారు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు, కంప్యూటరు ఉద్యోగాల పేరిట యువకులను కాంబోడియాకు పంపిన దళారులను అరెస్టు చేశారు. అక్కడికి చేరినవారిచేత సైబరు నేరాలు చేయించారు. ఆ దళారులు పరాయివారు కారు, స్థానికులే. థాయిలాండులో ఉద్యోగాలంటూ ఐ.టి. చదివిన యువకులను మయన్మారుకు తరలిస్తున్నారని మన విదేశాంగశాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక తెలుగులో మన గుమ్మం దాకా ఎంతవరకు వచ్చింది?

పెద్ద సంస్థ అయితే భయం లేదనేవారికి సత్యం కంప్యూటర్స్‌ను గుర్తుచేయాలి. ఏభై వేలకు పైగా ఉద్యోగులున్న తెలుగువారి సంస్థ అది. తమ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని దాని అధిపతి 2009 జనవరి 7న లేఖ వ్రాసే వరకు లోకానికి తెలియదు. ఆడిటర్ల సంతకాలున్న ఆ పత్రాలను పరిశీలించి ఏ పట్టభద్రుడూ మోసాన్ని కనిపెట్టగలిగేవాడు కాడు. అయినా ఆ సంస్థ కూలిపోలేదు. ప్రభుత్వం కొత్త పాలకమండలిని నియమించింది, ఆ ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా చేతికి సంస్థ వెళ్ళింది. కారణం, దానికి నిజమైన ఖాతాదారులు, నిజమైన పని ఉండడం. కనుక యజమాని ఎవరు అనే ప్రశ్నకన్నా, ఈ సంస్థకు పని ఇచ్చేదెవరు, నా జీతం ఎవరి సొమ్ముతో వస్తుంది అనేది ముందు అడగవలసిన ప్రశ్న.

చిన్న సంస్థల విషయంలో మాత్రం పత్రాలే చాలావరకు నిజం చెబుతాయి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ప్రతి కంపెనీ తన లేఖాపత్రంపై 21 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యను ముద్రించాలి. అందులోనే నమోదైన రాష్ట్రం, సంవత్సరం ఉంటాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉందని చాటుకొనే సంస్థ సంఖ్యలో 2023 కనిపిస్తే సంజాయిషీ అడగవచ్చు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో ఆ సంఖ్యతో వెతికితే డైరెక్టర్ల పేర్లు, చివరిసారి లెక్కలు సమర్పించిన సంవత్సరం తెలుస్తాయి. 100 రూపాయల రుసుము చెల్లిస్తే ఆ లెక్కలనే చూడవచ్చు. (భాగస్వామ్య సంస్థలకూ, సొంత వ్యాపారాలకూ ఈ సంఖ్య ఉండదు. అది లేనంత మాత్రాన దొంగ సంస్థ అనరాదు.) ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ వెబ్‌సైటులో ఏ నెల ఎంతమంది ఉద్యోగులకు సొమ్ము జమ చేశారో కనిపిస్తుంది. రెండు వందల మంది ఉన్నామని చెప్పినచోట పన్నెండు మందికే జమ అయి ఉంటే, ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

ఆ తరువాత, సంస్థను విడిచినవారిని అడగాలి. మన భాష నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. మానవ వనరుల విభాగం ఇంగ్లీషులో చెప్పనిదాన్ని, అక్కడ రెండేళ్ళు పనిచేసి వచ్చిన తెలుగుబిడ్డ తెలుగులో అయిదు నిమిషాలలో చెబుతాడు.

న్యాయవాదిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బాండు. బిడ్డ ఉద్యోగానికి తండ్రి జామీను సంతకం చేస్తాడు. ఆయన చదవగలిగిన భాషలో అందులో ఒక్క వాక్యమూ ఉండదు. ఆశ పెట్టేది తెలుగులో, ఒప్పందం ఇంగ్లీషులో, మోసపోయాక ఫిర్యాదు తమిళంలో. "బాండులు చెల్లవులే" అని ధైర్యం చెప్పే మిత్రులకు సగం చట్టమే తెలుసు. ఉద్యోగం మానిన తరువాత మరొకచోట చేరరాదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను క్రింద సాధారణంగా చెల్లదు. కనీస కాలం పనిచేయాలి, లేకుంటే పరిహారం చెల్లించాలి అనే షరతు వేరు. అటువంటి 2 లక్షల రూపాయల షరతును విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. ప్రభుత్వరంగ బ్యాంకు నియామక పరిస్థితులను బట్టి వచ్చిన తీర్పు అది; ప్రతి చిన్న సంస్థ వ్రాసుకొన్న ప్రతి మొత్తమూ చెల్లుతుందని దాని అర్థం కాదు. కాని సంతకానికి ముందే చదివించుకోవాలనడానికి అది చాలు. చదువు పత్రాల మూలప్రతులను అప్పగించమనే సంస్థకు, చేరకముందే "శిక్షణ రుసుము" అడిగే సంస్థకు నమస్కారం పెట్టి రావడమే మేలు.

మన సంఘాలు వార్షికోత్సవాలకు, శాలువాలకు వెచ్చించే దానిలో కొంత ఈ పనికి మళ్ళిస్తే తప్పేమిటి? ఉద్యోగ ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించడం భాషోద్యమం పని కాదని నేననుకోను. రాజపాళయంలో ఆదివారం ఉదయం రెండు గంటలు ఇందుకు కేటాయించడానికి నేను సిద్ధం. వచ్చేవారు ఒప్పందం నకలు తెచ్చుకొనండి, మూలప్రతి ఇంటివద్దనే ఉంచండి. సంతకం చేయబోయే తండ్రిని కూడా వెంట తీసుకొని రండి.