ఈ-రీడర్ కొనేముందు స్కేలు తీయండి

ఫ్రిజ్ కొనాలంటే ఎన్ని లీటర్లదో చూస్తాం. కుక్కర్ కొనాలంటే ఇంట్లో ఎంతమందికి వండుతామో లెక్కేస్తాం. గ్రైండరైతే ఇడ్లీ పిండికా, పచ్చళ్ళకా అని తేల్చుకోకుండా షాపు మెట్లే ఎక్కం. అదేంటో గానీ, ఈ-రీడర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీది మంచిది?" నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన మాట. ముందు అడగాల్సింది, ఇందులో చదవబోయేది ఎవరు, వాళ్ళు చదివే పేజీ ఎలా ఉంటుంది అని.

మా ఇంట్లో చదివేవాళ్ళం ముగ్గురం. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, దానికి మాంగా పిచ్చి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలు. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడకి పాత నవలలు కావాలి. ఇక నేను, వంటయ్యాక ఓ గంట దొరికితే ఏ పుస్తకమైనా సరే.

మొదట్లో ఈ కొనుగోలు "పిల్ల కామిక్స్ కోసం" అనే పేరుతోనే మొదలైంది. ఆ పేరు వినగానే ఇంట్లో పెద్దమనిషి కనుబొమలు పైకి లేచాయి. "బొమ్మల పుస్తకాలకి వేలకు వేలా? ఫోన్ ఉందిగా!" అన్నారు. తర్వాత కాస్త మెత్తబడి, "పోనీ ట్యాబ్ తీసుకోండి, అన్నీ వస్తాయి" అన్నారు. అన్నీ వస్తాయి కాబట్టే వద్దన్నాను. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు పేజీ సంగతి చూద్దాం.

మామూలు ఈ-బుక్‌లో అక్షరాలు నీళ్ళలాంటివి. ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారానికి సర్దుకుంటాయి. అక్షరం పెద్దది చేసుకుంటే పేజీలు పెరుగుతాయంతే, కథకేం లోటు రాదు. మాంగా పేజీ అలా కాదు, అది అప్పడం. గిన్నె చిన్నదైతే పట్టదు. విరిచి పట్టించొచ్చు గానీ అప్పడం తిన్నట్టుండదు. పేజీ మొత్తం ఒకే బొమ్మ. ఏ గడి ఎంత పెద్దది, ఏది ముందు కనపడాలి అన్నదంతా గీసినవాళ్ళు ఆలోచించి పెట్టిందే. ఫోన్‌లో వేళ్ళతో సాగదీసి ముక్కలు ముక్కలుగా చూస్తే కథ తెలుస్తుంది, పేజీ మాత్రం కనపడదు.

మరి మా అత్తగారి పాత నవలో? అదీ అప్పడమే! ఇది తట్టిన రోజు నాకు భలే సరదా వేసింది. పాత తెలుగు పుస్తకాలు మనకి దొరికేది చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడున్నాయి. అవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు. అక్షరం సైజు పెంచే బటన్ వాటి మీద పనిచెయ్యదు. అమెజాన్ వాళ్ళు 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు. అందుకే తెలుగు చదువరికి స్కాన్ కాపీలతో అంత పని. అంటే మాంగా చదివే మనవరాలికీ, పాత సీరియళ్ళు చదివే నానమ్మకీ కావలసిన మిషన్ ఒకటే. మధ్యలో ఉన్న నాకు తప్ప ఈ చుట్టరికం ఎవరికీ కనపడలేదు.

ఇక స్కేలు తీయండి. జపాన్‌లో మాంగా పుస్తకం మామూలు సైజు సుమారు 11 సెంటీమీటర్ల వెడల్పు, 17న్నర ఎత్తు. 6 అంగుళాల ఈ-రీడర్ తెర దాదాపు 9 వెడల్పు, 12 ఎత్తు. అంటే పేజీ మూడో వంతు దాకా కుంచించుకుపోతుంది. 7 అంగుళాల తెరకి ఎత్తు 14 ఉంటుంది, కాస్త ఇరుకైనా చదవొచ్చు. 7.8 అంగుళాల తెర సుమారు 12కి 16, పుస్తకానికి బాగా దగ్గర. మన తెలుగు నవలలు డెమీ సైజువైతే 14కి 21 పైచిలుకు ఉంటాయి. వాటికి 10 అంగుళాల తెర ఉంటే రాజభోగమే గానీ, ధర గబుక్కున పెరుగుతుంది, చేతిలో బరువూ పెరుగుతుంది. చుట్టూ ఉన్న తెల్ల అంచులు కత్తిరించి చూపే సదుపాయం ఉంటే 7.8లోనే సర్దుకుపోవచ్చు. పడుకుని చదివే అలవాటున్నవాళ్ళు బరువు తప్పక చూసుకోవాలి. నిద్రలో ముక్కు మీద పడేది అదే కదా!

రెండోది రంగు. షాపువాళ్ళు ముందు కలర్ మోడలే చూపిస్తారు. మాంగా చాలావరకు నలుపు తెలుపే. వారం వారం లావుపాటి పత్రికలో చవక కాగితం మీద అచ్చయ్యే కథలవి. 1968లో మొదలైన వీక్లీ షోనెన్ జంప్ అనే పత్రిక ఇప్పటికీ అలాగే వస్తోంది. నీడలకి కూడా రంగు వెయ్యరు, సన్నటి చుక్కలతో నింపుతారు. ఆ చుక్కలు తేటగా కనపడాలంటే అంగుళానికి 300 చుక్కలు చూపే తెర కావాలి. ఇప్పుడు ఎక్కువగా వచ్చే కలర్ ఈ-ఇంక్ తెరలు నలుపు తెలుపుని 300తో చూపినా, రంగుల్ని 150తోనే చూపుతాయి. పైగా రంగుల కోసం వేసిన పొర వల్ల తెల్లకాగితం కాస్త బూడిద రంగులోకి దిగుతుంది. నలుపు తెలుపు చదవడానికి రంగు తెర కొనడమంటే తెల్లన్నం వండుకోవడానికి బిర్యానీ హండీ కొన్నట్టే.

ఇక్కడో మాట. మీ పిల్లలు చదివేది కొరియా వెబ్‌టూన్లయితే ఈ-రీడర్ ఊసే వద్దు. అవి నిండా రంగులతో పైనుంచి కిందికి జారుతూ పోయే కథలు. ఈ-ఇంక్ తెర లోపల వెంట్రుక మందాన ఉండే గుళికలుంటాయి. వాటిల్లోని నల్లరేణువులు, తెల్లరేణువులు కరెంటుకి పైకీ కిందికీ కదిలి పేజీ తయారవుతుంది. ఒకసారి కుదురుకుంటే బొమ్మ నిలబెట్టడానికి కరెంటు అక్కర్లేదు, అందుకే రోజుల తరబడి ఛార్జింగ్ నిలుస్తుంది. కానీ జారే బొమ్మ దానికి చేతకాదు. వాటికి ట్యాబే మేలు. అందుకే ముందు పేజీ చూడమంటున్నది.

మూడోది, లోపల చోటు. మాటల నవల ఒకటి ఒకటి రెండు ఎంబీలుంటే ఎక్కువ. మాంగా ఒక్క సంపుటమే 50 నుంచి 150 ఎంబీల దాకా లాగేస్తుంది. 1997లో మొదలైన వన్ పీస్ సంపుటాలు నూరు దాటిపోయాయి. అలాంటిది ఒక్కటి మొత్తం పెడితే 8 జీబీ మిషన్ అక్కడికే నిండిపోతుంది. జపాన్‌లో 2016లో మాంగా కోసమని ప్రత్యేకంగా 32 జీబీల కిండిల్ పేపర్‌వైట్ అమ్మకానికి పెట్టారంటే ఊరికే కాదు. మాంగాకి గానీ, స్కాన్ పుస్తకాలకి గానీ 32కి తక్కువ తీసుకోవద్దు.

నాలుగోది, ఏ ఫైలు తెరుస్తుందన్నది. కామిక్స్ ఫైళ్ళు సీబీజెడ్ అనే రూపంలో వస్తుంటాయి, బొమ్మలన్నీ ఒక మూటలో కట్టినట్టన్నమాట. కోబో దాన్ని నేరుగా తెరుస్తుంది. కిండిల్ తెరవదు, మార్చి ఎక్కించాలి. మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి పేజీ అటువైపు తిరుగుతుందా లేదా చూడాలి. తెలుగు ఈపబ్ పుస్తకాలు కొనేవాళ్ళు ఒక పేజీ తెరిపించి "లక్ష్మి", "స్త్రీ" లాంటి మాటలు ఒత్తులతో సహా సరిగ్గా పడుతున్నాయో లేదో కళ్ళారా చూసి మరీ డబ్బులివ్వండి. షాపతను "అన్ని భాషలూ వస్తాయమ్మా" అంటే తలూపి వచ్చెయ్యకండి.

ఇంకోటి. ఈ-బుక్ కొన్నామంటే పుస్తకం మనదైపోయిందని కాదు. 2009లో హక్కుల తగాదా వచ్చి అమెజాన్ వాళ్ళు జనం కిండిళ్ళలోంచి ఆర్వెల్ "1984"ని వాళ్ళకి చెప్పకుండానే తీసేశారు. డబ్బు వాపసిచ్చారు, అది వేరే సంగతి. మన బీరువాలో పుస్తకాన్ని అలా ఎవరూ తీసుకుపోలేరు. అందుకే నా పద్ధతి ఏంటంటే, మళ్ళీ మళ్ళీ చదివేవి కాగితంలో కొంటాం, ఒకసారి చదివేవీ అచ్చులో దొరకనివీ ఇందులో. మా అమ్మాయి కూడా బాగా నచ్చిన మాంగా రెండు సెట్లు కాగితంలోనే దాచుకుంది. దొంగ కాపీలు దింపుకోవద్దని దానికి గట్టిగా చెప్పాను. గీసినవాళ్ళ చెయ్యి నొప్పికి విలువ లేకపోతే ఎలా?

ఇప్పుడు ట్యాబ్ సంగతి. ట్యాబ్‌లో అన్నీ వస్తాయి. క్రికెట్ వస్తుంది, వార్తలు వస్తాయి, బంధువుల వీడియో కాల్ వస్తుంది. అన్నీ వచ్చేది అందరిదీ అవుతుంది. అందరిదీ అయింది మన ఇళ్ళల్లో చివరికి ఆడవాళ్ళది కాకుండా పోతుంది. టీవీ చూడండి, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో! ఈ-రీడర్‌లో చదవడం తప్ప ఏమీ చేతకాదు. అదే దాని గొప్ప. చదవనివాళ్ళకి దాంతో పనే లేదు, కాబట్టి ఎవరూ లాక్కోరు. ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ మిషన్లూ ఉన్నాయి, వాటిల్లో మాంగా యాప్‌లు కూడా వేసుకోవచ్చు. వాటితో పాటే మెసేజీల గంటలూ వస్తాయని గుర్తుంచుకుంటే చాలు.

మా వారి చీరల లెక్క కూడా చెప్పాలి. పండక్కి పట్టుచీర కొంటానంటే ఆయన రెండో మాట అడగరు. పుస్తకాల మిషన్ అనేసరికి "అవసరమా?" అన్నారు. ఇందులో ఆయన్ని ఒక్కరినే అనడానికి లేదు. మనమూ అంతే. పిల్లాడి కోచింగ్‌కి, ఇంటి ఏసీకి వెనకాడం, మన చదువు ముచ్చటకి మాత్రం "ఇప్పుడెందుకులే" అని మనమే ముందు అంటాం. ఆడపిల్ల బొమ్మల కథలు చదివితే కాలక్షేపం, పెద్దావిడ పాత సీరియల్ చదివితే కాలక్షేపం, ఇల్లాలు నవల చదివితే కాలక్షేపం. ఆ కాలం మాది కాదా అని నేనడిగాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు, డబ్బులు మాత్రం ఇచ్చారు!

ఏ కంపెనీదో చెప్పను, ఇది ప్రకటన కాదు. 7.8 అంగుళాలు, నలుపు తెలుపు, 32 జీబీ. పొద్దున కాఫీ తర్వాత అది అత్తగారిది. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయిది. నానమ్మకి ఆ జపాన్ బొమ్మల్లో కళ్ళు మరీ పెద్దవని ఫిర్యాదు, మనవరాలికి ఆ పాత నవలల్లో హీరోయిన్ మరీ ఏడుస్తుందని ఫిర్యాదు. ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగి చూస్తున్నారన్నమాట. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మాత్రం అది నాది. ఆ గంటలో గ్యాస్ బండ వచ్చినా తలుపు ఇంకెవరైనా తియ్యాల్సిందే.