బూడిద లెక్క తేలేదెలా?

బొగ్గు కేంద్రాల చుట్టుపక్కల గ్రామాల ప్రజలు పైర్ల మీద, దండేల మీది బట్టల మీద బూడిద పడుతున్నదని మొర పెట్టుకున్నప్పుడల్లా వచ్చే జవాబు ఒక్కటే: "పరిమితికి లోబడే ఉంది." ఆ పరిమితిని 2015 డిసెంబరులో కేంద్రం నిర్ణయించింది. 2003 చివరిలోగా నెలకొల్పిన యూనిట్లకు ఘనపు మీటరు పొగకు 100 మిల్లీగ్రాములు, 2004-16 మధ్య వాటికి 50, ఆ తరువాతి వాటికి 30. పాల్వంచలో 2018లో ఉత్పత్తి మొదలైన 800 మెగావాట్ల యూనిట్‌కు వర్తించేది 30.

అయితే పరుగెత్తే పొగలో ధూళిని కొలవడం బస్తా కాటా వేసినంత సులువు కాదు. పొగగొట్టంలోకి సన్నని గొట్టం పెట్టి కొంత పొగ లాగి, వడపోతలో చిక్కిన ధూళిని తూచుతారు. లాగే వేగం, పొగ వేగం సమానంగా ఉండాలి. ఎక్కువ వేగంతో లాగితే పక్కల నుంచి పొగ వంపు తిరిగి గొట్టంలోకి వస్తుంది గాని, అందులోని బరువు రేణువులు తిరగలేక తమ దారిన పోతాయి. లెక్క తక్కువ తేలుతుంది. నెమ్మదిగా లాగితే ఎక్కువ తేలుతుంది. కల్లంలో తూర్పారబట్టిన రైతుకు ఇది తెలియనిది కాదు. గాలి తాలును మళ్లిస్తుంది, గట్టి గింజను మళ్లించలేదు. పైగా గొట్టం వంపుల దగ్గర ధూళి ఒక పక్కకు చేరుతుంది. అందుకే తిన్నని భాగంలో, అడ్డంగా అనేక చోట్ల కొలవాలి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించిన మీదట రాత్రింబగళ్లు కొలిచే యంత్రాలు వచ్చాయి. వీటిలో కాంతితో పనిచేసేవి ధూళిని తూచవు. వెలుగు ఎంత మసకబారిందో, ఎంత చెదిరిందో చూసి లెక్క కడతాయి. ఒకే బరువు గల ధూళిలో సన్ననిది వెలుగును ఎక్కువగా అడ్డుకుంటుంది. బొగ్గు మారితే బూడిద తీరూ మారవచ్చు. కనుక తూచిన లెక్కతో యంత్రాన్ని తరచు సరిచూడవలసిందే. కిరాణా కొట్టు కాటాకు ముద్ర అడిగే ప్రభుత్వం ఈ యంత్రానికి ఆ తేదీని గోడ మీద రాయించలేదా?

కంటికి కనిపించినదంతా బూడిద అనుకోవడమూ సరికాదు. కూలింగ్ టవర్ల నుంచి తెల్లగా లేచేది నీటి ఆవిరి.

నమూనా తీసే తేదీని పంచాయతీకి ముందుగా తెలపాలి. ఆ రోజు యూనిట్ ఎంత లోడుతో నడిచింది, బూడిద పట్టే విద్యుత్ యంత్రాల్లో ఎన్ని అరలు పనిచేశాయి, పొగ వేగమెంత, లాగిన వేగమెంత అన్న వివరాలతో నివేదిక నకలు గ్రామ పంచాయతీ బోర్డు మీద అంటించాలి. వడపోతను తూచేటప్పుడు సర్పంచినో, వార్డు సభ్యుణ్ణో పిలిస్తే మరీ మంచిది.