రెండో దెబ్బ పడకముందే

పుదుచ్చేరి ఒర్లియంపేటలో ఒక కుర్రవాడికి కత్తిపోటు తగిలితే తరవాత ఏం జరుగుతుందో మనకందరికీ తెలుసు. ఆటోలోనో అంబులెన్సులోనో వేసి పెద్దాసుపత్రికి, అంటే ఇందిరాగాంధీ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతారు. గాయం లోతుగా ఉంటే గోరిమేడు జిప్మర్‌కు పంపుతారు. డాక్టరు కుట్లు వేస్తారు, పోలీసు వాంగ్మూలం రాసుకుంటాడు, తల్లి వార్డు గుమ్మం దగ్గర కూలబడి ఉంటుంది. అందరూ తమ పని ముగించుకొని పోయాక మంచం చుట్టూ చేరేది స్నేహితులు. వాళ్లు అడిగేది ఒకటే మాట: ఎవడు చేశాడు? పగ తీర్చుకోవాలన్న మాట మొదట నోట్లోంచి వచ్చేది అక్కడే. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య కొన్ని గంటలో, కొన్ని రోజులో, ఒక్కోసారి కొన్ని నెలలో గడువుంటుంది. ఆ గడువులో ఆ పిల్లవాడి దగ్గరికి, వాడి స్నేహితుల దగ్గరికి వచ్చి కూర్చోవడమే ఉద్యోగంగా గల మనుషులు మన పేటకు కావాలి. వాళ్లను ప్రభుత్వం నియమించాలని, శాశ్వతంగా ఉంచాలని అడగడానికే ఈ కరపత్రం.

గడచిన కొన్నేళ్లలో పుదుచ్చేరి చూసిన నెత్తురు తక్కువేమీ కాదు. 2023 మార్చిలో విల్లియనూరులో ఒక పార్టీ నాయకుణ్ణి నాటుబాంబులు విసిరి, కత్తులతో నరికి చంపారు. 2024 మార్చిలో ముత్యాలపేటలో తొమ్మిదేళ్ల పాప హత్యకు గురైంది. అరెస్టయిన ఇద్దరిలో ఒకడికి పందొమ్మిదేళ్లు. ఆ వారం ఊరంతా వీధిలోకొచ్చి గంజాయిని అరికట్టమని అడిగింది. 2025 ఫిబ్రవరిలో రెయిన్‌బో నగర్‌లో ముగ్గురు యువకులను ఒకేచోట నరికి చంపారు. ప్రతిసారీ పోలీసులు కదిలారు, ఆ మాట కాదనలేం. రౌడీ షీటర్ల ఇళ్లలో తెల్లవారుజామున సోదాలు చేశారు, కొందరిని ఊరి పొలిమేర దాటించారు. అయితే ఈ పనంతా జరిగేది దెబ్బ పడ్డాకే. వారం పది రోజులు హడావుడి ఉంటుంది, తరవాత సద్దుమణుగుతుంది. పగ మాత్రం సద్దుమణగదు. అది ఆసుపత్రి మంచం మీదా, జైలు ములాఖత్ దగ్గరా, చనిపోయినవాడి మొదటి వర్ధంతి పోస్టరు కిందా మళ్లీ రాజుకుంటుంది.

ఒక హత్య ఇంకో హత్యను కంటుందన్న సంగతి తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బెజవాడలో కాలేజీ విద్యార్థి సంఘాల పోటీతో ముడిపడ్డ వర్గపోరు, ఒక చావుకు ఇంకో చావు బదులుగా ఏళ్ల తరబడి నడిచింది. 1988 డిసెంబరు 26న ఆ పోరులో ఒక వర్గానికి నాయకుడైన వంగవీటి మోహన రంగా హత్య జరిగినప్పుడు కోస్తా జిల్లాల ఊళ్లు తగలబడ్డాయి. మన పుదుచ్చేరి పాలనలోనే ఉన్న యానాంలో 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్ కార్మిక నాయకుడొకరు చనిపోయాడన్న వార్త పాకిన కొన్ని గంటల్లోనే కంపెనీ ఉన్నతాధికారి ప్రాణం పోయింది, ఫ్యాక్టరీ బూడిదైంది, వేల కుటుంబాల కూడు పోయింది. ఆ కొన్ని గంటల్లో రెండు పక్షాలూ నమ్మే మనిషి ఒకడు మధ్యలో నిలబడి ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పలేం. కానీ అలాంటి మనిషిని ముందుగానే తయారుచేసి పెట్టుకోని ఊరు, ఆ గంట వచ్చినప్పుడు వెతుక్కొని ప్రయోజనం లేదు.

హింస ఊరంతటా సమానంగా పరచుకొని ఉండదు, బహు కొద్దిమంది చుట్టూ ముడిపడి ఉంటుంది. అమెరికాలోని బోస్టన్‌లో 1990ల నడుమ పరిశోధకులు లెక్క తీస్తే, తమ వయసువాళ్లలో ఒక శాతం కూడా లేని ముఠా కుర్రాళ్లు యువకుల హత్యల్లో కనీసం 60 శాతానికి కారణమని తేలింది. చంపేవాళ్లూ చచ్చేవాళ్లూ చాలావరకు ఒకే గుంపులోవాళ్లు. ఇవాళ పొడిచినవాడు నిరుడు పొడిపించుకున్నవాడే కావచ్చు. ఈ సంగతి ఒర్లియంపేటకు రెండు విధాల మేలు చేస్తుంది. ఒకటి, పేట పేరు చెప్పి ఇక్కడి పిల్లకాయలందర్నీ ఒకే గాటన కట్టేవాళ్లకు ఇది జవాబు: బస్టాండు చుట్టుపక్కల సందుల్లో పుట్టినంత మాత్రాన ఎవడూ రౌడీ కాడు. రెండు, పని చేయవలసిన చోటు మనం అనుకున్నంత పెద్దది కాదు. పేటలోని వేల ఇళ్ల తలుపులు తట్టనక్కర్లేదు. దెబ్బ తిని ఆసుపత్రికొచ్చినవాడు, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, బడి మానేసి ఎవరో 'అన్న' బండి వెనక తిరుగుతున్నవాడు, వీళ్లను చేరగలిగితే చాలు.

ఆ 'అన్న' గురించి విడిగా చెప్పుకోవాలి. నాటుబాంబు కేసుల్లో, కత్తి కేసుల్లో పద్దెనిమిది నిండని పిల్లలు పట్టుబడ్డారన్న వార్త మన పేపర్లలో కొత్త కాదు. పిల్లవాడైతే శిక్ష తక్కువ పడుతుందన్న లెక్కతోనే పెద్దవాళ్లు వాళ్లను ముందుకు తోస్తారు. మొదట ఒక పొట్లం ఇచ్చి రమ్మంటారు, తరవాత ఫలానావాడు ఎన్నింటికి ఇంటికొస్తాడో చూసి చెప్పమంటారు, ఆఖరికి చేతిలో కత్తి పెడతారు. దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ ప్రకారం పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకున్న పెద్దవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల జరిమానా. 77, 78 సెక్షన్లు పిల్లలకు మత్తుమందు ఇచ్చినవాళ్లకూ, వాళ్లచేత అమ్మించినవాళ్లకూ వర్తిస్తాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ ఇంకా గట్టిది: పిల్లవాణ్ణి నేరానికి పురమాయించినవాడికి మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా జైలు. మైనరు పట్టుబడిన ప్రతి కేసులోనూ వాణ్ణి పంపినవాడెవడన్న ప్రశ్న ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కాలి. ఆ ప్రశ్న వేయకుండా మూసేసిన ప్రతి ఫైలూ 'అన్న'కు దొరికిన ఇంకో అవకాశం.

దెబ్బకూ దెబ్బకూ మధ్య గడువులో అడ్డం పడితే రెండో దెబ్బ నిజంగా ఆగుతుందా? ఆగిన చోట్లున్నాయి. మనకు దగ్గరి పోలిక స్కాట్లండులోని గ్లాస్గో, ఎందుకంటే అక్కడా ఆయుధం తుపాకీ కాదు, కత్తే. 2005లో అక్కడి పోలీసులే హింసను తగ్గించడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. దాన్ని నడిపింది జాన్ కార్నకన్ అనే పోలీసు అధికారి, కారిన్ మెక్‌క్లస్కీ అనే నేర విశ్లేషకురాలు. హింసను వాళ్లు అంటువ్యాధిలా చూశారు: ఎవరి నుంచి ఎవరికి పోతోంది, ఎక్కడ అడ్డుకోవచ్చు అని. ముఠా కుర్రాళ్లను కోర్టు హాలుకు పిలిపించి రెండు మాటలూ ఒకేసారి చెప్పారు. మానుకుంటే పని, చదువు, మత్తు మాన్పించే వైద్యం మేం చూస్తాం. మానుకోకపోతే మీలో ఒక్కడు చేసినా గుంపు మొత్తం మీద పడతాం. 2015 నుంచి గ్లాస్గో రాయల్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో దెబ్బలతో వచ్చినవాళ్ల పక్కన కూర్చొని మాట్లాడే కార్యకర్తలను పెట్టారు. వాళ్లలో కొందరు తామే ఒకప్పుడు ఆ బతుకు బతికి బయటపడ్డవాళ్లు. 2004-05లో స్కాట్లండులో 137 హత్యలు జరిగితే, పదేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య సగానికన్నా కిందికి దిగిపోయింది. ఈ తగ్గుదల అంతా ఒక్క విభాగం వల్లేనని అక్కడి పరిశోధకులు కూడా అనరు. కత్తి మోసినందుకు పడే శిక్ష కూడా అదే కాలంలో పెరిగింది. కానీ పోలీసూ, ఆసుపత్రీ, బడీ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అక్కడ నిలిచింది. బోస్టన్‌లో 1996లో ఇలాంటి పనే మొదలుపెడితే నెలవారీ యువ హత్యలు 63 శాతం తగ్గాయని మదింపులో తేలింది. 2000లో ఆ పని ఆపేశాక హత్యలు మళ్లీ పెరిగాయి. అందుకే శాశ్వతంగా ఉండాలని మొదట్లోనే అన్నాను. ఎన్నికల ముందు ఆర్నెల్ల పథకంగా పెట్టి ఎత్తేసేదైతే పెట్టకపోవడమే నయం, ఎందుకంటే ఒకసారి నమ్మి మోసపోయిన కుర్రవాడు రెండోసారి నమ్మడు.

ఇది రౌడీలను బుజ్జగించడమని కొందరు అంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్లు అలా అంటే తల వంచుకొని వినవలసిందే. అయితే నరికినవాణ్ణి వదిలేయమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. నరకబోయేవాణ్ణి ఆపమంటున్నాం. జైల్లో ఉన్నవాడి కోసం బయట కత్తి పట్టేవాళ్లు నలుగురుంటే ఆ ఇంటికి న్యాయం సగమే దక్కినట్టు. ఇంకొందరు పదహారేళ్లవాణ్ణీ పెద్దవాడిలాగే జైల్లో పెట్టాలంటారు. ఘోరమైన నేరాల్లో పదహారు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లను పెద్దల కోర్టుకు పంపే వీలు 2015 చట్టంలోనే ఉంది. అంతకుమించి ప్రతివాణ్ణీ పంపితే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2007లో ప్రచురించిన సమీక్షలో, పెద్దల న్యాయవ్యవస్థకు బదిలీ అయిన పిల్లలు మిగతావాళ్లకన్నా ఎక్కువగా మళ్లీ హింసకు దిగారని తేలింది. మన దగ్గర కూడా పదహారేళ్లవాడు కాలాపట్టు జైల్లో నేర్చుకునేది వడ్రంగమే అయితే బాధ లేదు. సినిమాలు, ఫోన్లే చెడగొట్టాయనేవాళ్లకు ఒక్క మాట: అవే సినిమాలు చూసే పిల్లలు లక్షల్లో ఉన్నారు, కత్తి పట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. తేడా ఎక్కడుందో అక్కడే మందు వేయాలి.

తేడాలో పెద్ద భాగం పని. కడలూరు రోడ్డులోని ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు 1898లో మొదలైంది. ఈ ఊరి మిల్లుల గేట్ల దగ్గరే 1936 జులై 30న ఫ్రెంచి పోలీసుల కాల్పుల్లో 12 మంది కార్మికులు నేలకొరిగారు. వాళ్ల త్యాగంతోనే మరుసటి ఏడాది ఇక్కడ ఎనిమిది గంటల పనిదినం చట్టమైంది. ఆ ఆంగ్లో ఫ్రెంచ్ మిల్లు 2020 ఏప్రిల్‌లో మూతపడింది. పెద్ద చదువు లేని పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి చేతికి పని, నెలకు జీతం, పక్కన కూర్చోబెట్టుకొని నేర్పే పెద్దమనిషి, ఈ మూడూ ఒకేచోట దొరికిన చోటు అది. ఇవాళ వాడికి ఎదురయ్యేది బార్ల వరస, వారాంతపు టూరిస్టుల కోసం పనిచేసే దినకూలీ, లేదా 'అన్న' చేతిలోని డబ్బు. చికాగోలో పేద పేటల బడుల నుంచి 1,634 మంది పిల్లలను తీసుకొని, చీటీ వేసి కొందరికి వేసవిలో ఎనిమిది వారాల జీతం పని, చెప్పుకోడానికి ఒక పెద్దతోడు ఇచ్చారు. పదహారు నెలల్లో వాళ్లలో హింస కేసుల అరెస్టులు మిగతావాళ్లకన్నా 43 శాతం తక్కువ. వేసవి సెలవుల్లో ప్రభుత్వ ఆసుపత్రిలో, మున్సిపాలిటీలో, పబ్లిక్ వర్క్స్‌లో అలాంటి పనులు ఒర్లియంపేట పిల్లలకు ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు.

ఖర్చు ఎంతనే ప్రశ్న న్యాయమైనదే. పెద్దాసుపత్రిలో రాత్రి పగలూ వంతుల వారీగా ఉండేందుకు నలుగురైదుగురు శిక్షణ పొందిన కార్యకర్తలు, పేటలో తిరిగేందుకు ఇంకో నలుగురు: ముందు కావలసింది ఇంతే. జిప్మర్ సామాజిక వైద్య విభాగం కురుసుకుప్పంలో పట్టణ ఆరోగ్య కేంద్రం నడుపుతోంది, వీధుల్లో తిరిగి పనిచేసే పద్ధతి దానికి తెలుసు. ఎవరు ఎక్కడ ఎప్పుడు దెబ్బలతో వచ్చారో పేర్లు లేకుండా నెలనెలా లెక్క తీసి పెట్టగలిగేదీ అదే. ఆ లెక్క లేకుండా ఏ వీధిలో దీపం పెట్టాలో, ఏ మైదానం రాత్రి తొమ్మిది దాకా తెరవాలో చీకట్లో వెతుక్కున్నట్టే. దీన్ని అడిగే వార్డు ప్రతినిధి మాత్రం మనకు లేడు. ఈ ఊళ్లో 1968 తరవాత మున్సిపల్ ఎన్నికలు జరిగింది 2006లో, ఆ పాలకవర్గం గడువు 2011లో ముగిసింది, ఆపైన ఏళ్లకేళ్లు వార్డు కౌన్సిలరు అనే మనిషే లేకుండా గడిచాయి. ఎన్నికలొచ్చేదాకా ఆగనక్కర్లేదు. కలెక్టరు అధ్యక్షతన ఆసుపత్రి, స్టేషను, బడులు, వీధి పెద్దలు, ముఖ్యంగా పాతికేళ్ల లోపు పిల్లలు ఉన్న కమిటీ ఒకటి వేయొచ్చు. కార్యకర్తల్లో ఒకరిద్దరికి తెలుగు వచ్చి తీరాలి. వీధిలో తమిళం ధారాళంగా మాట్లాడే పిల్లవాడి తల్లి, ఏడ్చేటప్పుడు తెలుగులోనే ఏడుస్తుంది. యానాం నుంచి వచ్చి ఇక్కడ గదుల్లో ఉండే కుర్రాళ్ల సంగతీ అంతే.

ప్రభుత్వం వైపు చూస్తూనే మనం రేపటి నుంచే చేయగలిగినవి కొన్నున్నాయి. పట్టుబడిన మైనరు ఫొటో వాట్సాప్‌లో తిప్పకండి. అది బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, పైగా వాణ్ణి ఆ రోజే ముఠాకు రాసిచ్చేసినట్టు. పిల్లవాణ్ణి స్టేషనుకు తీసుకెళ్తే వెంట వెళ్లి, 107వ సెక్షన్ ప్రకారం ఉండవలసిన బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి. పిల్లలను లాకప్‌లో పెట్టకూడదని గుర్తుచేయండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి, మత్తు వదిలించే సాయానికి 14446కి ఫోను చేయండి. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. ఆసుపత్రి కార్యకర్తలు, వేసవి పని, కమిటీ, ఈ మూడూ కావాలని మీ భాషలో మీరే రాసి, ఇంటిల్లిపాదీ సంతకాలు పెట్టి కలెక్టరు కార్యాలయానికి పంపండి. సంతకాల్లో ఇంటి కుర్రవాడిది మొదట ఉండనివ్వండి.