ఒకే పెళ్లిని ఆరుగురికి అమ్మారు

2024 వేసవిని మా వృత్తిలో ఎవరూ మరచిపోరు. ఏప్రిల్ నెలాఖరున శుక్ర మూఢం వచ్చింది. దాని వెనకే ఆషాఢం. ఆగస్టు మొదటి వారం దాటేదాకా ఒక్క మంచి ముహూర్తం లేదు. ఏటా తిండికి టైము దొరకని వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మండపం స్తంభాలు గోడౌన్ గోడకు ఆనించి, వాటి మీద పరదాలు కప్పి, రాజమండ్రిలో డెకరేషన్ వాళ్లం అందరం చేతులు ముడుచుకుని కూర్చున్నాం. పూలు గుచ్చే ఆడవాళ్లు రోజూ వచ్చి, పని లేదని తెలిసీ కాసేపు గుమ్మం దగ్గర కూర్చుని వెళ్లేవారు.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. "సార్, పెళ్లి లీడ్స్ ఇస్తాం, అంటే పెళ్లి పెట్టుకున్నవాళ్ల నంబర్లు. ఏడాది ప్యాకేజీ. ఈ వారంలో కడితే తగ్గింపు ఉంది. మీ పోటీవాళ్లు ఇప్పటికే తీసుకున్నారు."

కట్టాను. నలభై ఎనిమిది వేలు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. నా కోపం ఒక కంపెనీ మీద కాదు, ఈ పద్ధతి మీద. చేతిలో పని లేని నెలలు చూసి, గుండెలో భయం ఉన్న రోజు చూసి అమ్మే పద్ధతి మీద. ఏడాది ప్యాకేజీ అన్నారు గానీ, ఆ ఏడాదిలో మొదటి రెండున్నర నెలలు పంచాంగంలోనే పెళ్లి లేదు. అమ్మినవాడికి ఆ సంగతి తెలియదా? తెలుసు. పెళ్లిళ్ల వ్యాపారం చేసేవాడికి మూఢం తెలియకపోతే ఆ వ్యాపారం ఎలా చేస్తాడు?

శ్రావణం రాగానే లీడ్లు మొదలయ్యాయి. మొదటిది నాకు ఇంకా గుర్తుంది. ఫోన్ టింగుమంది. పెళ్లి, కార్తీకం, రాజమండ్రి, బడ్జెట్ లక్షన్నర. నిమిషం తిరక్కుండా ఫోన్ చేశాను. ఎత్తిన పెద్దాయన అలసిపోయిన గొంతుతో, "ఎంతమంది చేస్తారు బాబూ? పది నిమిషాల్లో మీరు ఐదోవారు. మా అమ్మాయి ఏదో ఫొటో చూసి నంబరు ఇచ్చిందట, అంతే" అన్నారు. నా పేరు అడగలేదు. నేను ఏ ఊరివాణ్నో అడగలేదు. "ఎంతకు చేస్తారు?" అని మాత్రం అడిగారు. లక్షా నలభై అన్నాను. "ఇందాకాయన లక్షా పది అన్నాడండీ" అని పెట్టేశారు.

ఇలాంటివి పది పన్నెండు జరిగాక నాకు అనుమానం వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం మా ఊళ్లో నాకు తెలిసిన డెకరేషన్ వాళ్లను గోడౌన్‌కు రమ్మన్నాను. లీడ్లు రాసుకున్న పుస్తకాలు తెమ్మన్నాను. ఆరుగురం జంపఖానా పరుచుకుని కూర్చుని, పుస్తకాలు పక్కపక్కన తెరిచాం. చివర నలభై ఒకటి ఉన్న నంబరు నా పుస్తకంలో ఉంది. పక్కవాడి పుస్తకంలో ఉంది. ఆరు పుస్తకాల్లోనూ ఉంది. టైము కూడా రాసుకునే అలవాటున్న ఇద్దరి పుస్తకాల్లో ఆ లీడ్ వచ్చిన టైము మధ్య తేడా రెండు నిమిషాలు. మేమంతా విడివిడిగా డబ్బు కట్టాం. మా ఆరుగురికీ ఆ కంపెనీ అమ్మింది ఒకే తండ్రిని, ఒకే కూతురి పెళ్లిని. ఆ పెళ్లి చేసింది మాలో ఎవరో తెలుసా? ఎవరూ కాదు. వాళ్ల మేనమామ చెప్పిన మనిషి చేశాడు.

దీన్ని వ్యాపారం అంటున్నారు. నేను వేలం అంటాను. వేలంలో పాడుకునేది మేం, తగ్గించుకుంటూ పాడుకునేది మేం. ఆ తగ్గింపు ఎక్కడికి పోతుందో ఆడపెళ్లివారు తెలుసుకోవాలి. లక్షా నలభై పనిని తొంభై వేలకు ఒప్పుకున్నవాడు పొద్దున్నే కడియపులంక మార్కెట్‌కు వెళ్లి తాజా చామంతి కొనడు. నిన్నటి సరుకు బేరమాడతాడు. లిల్లీ దండల మధ్య దూరం పెంచుతాడు. వెనక గుడ్డ కడతాడు, ముందు ప్లాస్టిక్ తీగలు వేలాడదీస్తాడు. ముహూర్తం తెల్లవారుజామున అయితే జీలకర్ర బెల్లం పెట్టే వేళకు బంతి రేకులు నల్లబడి తలంబ్రాల పళ్లెంలో రాలుతుంటాయి. పెళ్లికూతురి తల్లి చూస్తుంది, ఆ వేళప్పుడు ఏం అనలేక మింగుతుంది. వేలం పాటలో ఓడింది మేం ఒక్కళ్లమే కాదు.

లీడ్ల తర్వాత మాలాంటివాళ్లకు చెప్పే రెండో మందు ఇన్‌స్టాగ్రామ్. 2020 జూన్ 29న టిక్‌టాక్ ఆగిపోయింది, వెంటనే జూలైలో మన దేశంలో రీల్స్ వచ్చాయి. అప్పట్నుంచి సలహాలు చెప్పే ప్రతివాడూ రోజుకో రీల్ పెట్టు, డబ్బు కట్టి బూస్ట్ నొక్కు అంటున్నాడు. మా వీధి చివర ఫొటో స్టూడియో పెట్టుకున్న కుర్రాడు ఒకడు ఈ మాట నమ్మి, లెన్సు కొనడానికి దాచుకున్న డబ్బు బూస్టుల్లో పోశాడు. "బాబాయ్, రెండు లక్షల మంది చూశారు" అని ఫోన్ చూపించాడు. ఎన్ని పెళ్లిళ్లు వచ్చాయిరా అంటే తల దించుకున్నాడు. వాడు చేతకానివాడు కాదు. అప్పగింతలప్పుడు తండ్రి ముఖం మీద వెలుతురు ఎలా పడాలో తెలిసినవాడు. వాడికి తెలియందల్లా ఒక్కటే. మామూలుగా బూస్ట్ నొక్కితే ఆ డబ్బు మన వీడియోను ఇష్టపడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తుంది. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్ల దగ్గరికి కాదు. మంచి మండపం వీడియోకు లైకు కొట్టడానికి పెళ్లి అక్కర్లేదు, బొటనవేలు చాలు. పైగా ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ. ఏడాదికి 20 లక్షల లోపు పని చేసుకుంటూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్నవాడికి ఆ పద్దెనిమిదీ తిరిగి రాదు. సలహా చెప్పేవాడు ఈ లెక్క చెప్పడు.

కొత్తగా నిశ్చితార్థం అయినవాళ్లను ఏరి వాళ్లకే ప్రకటన చూపించే వర్గం కూడా ఫేస్‌బుక్ ప్రకటనల్లో ఉంటూ వచ్చింది. మన ఇళ్లలో ఎవరు నిశ్చితార్థం అయిందని ఫేస్‌బుక్‌లో స్టేటస్ మార్చుకుంటారు? దిష్టి తగులుతుందని తాంబూలాల ఫొటోలు కూడా బయటికి రానివ్వని కుటుంబాలు ఇవి. తాంబూలాలు పుచ్చుకున్న రోజు సాయంత్రానికే పిన్నిగారికి ఫోన్ వెళ్తుంది, "మీ వాడి పెళ్లికి మండపం ఎవరు వేశారే?" అని. మా పని ఆ ఫోన్‌లో నిర్ణయమవుతుంది. ఆ సంగతి నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసీ మూఢంలో భయపడి మరచిపోయాను. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇన్‌స్టాగ్రామ్ అసలు వద్దని అనను, అది అబద్ధం అవుతుంది. డాలస్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి విజయవాడలో పెళ్లి పెట్టుకుంటుంది. తను వచ్చేది ముహూర్తానికి పది రోజుల ముందు. ఆ అమ్మాయికి పిన్నిగారి మాట చాలదు, కళ్లతో చూడాలి. అలాంటివాళ్లకు ఇన్‌స్టాగ్రామే గుమ్మం, వాట్సాప్ వీడియో కాలే పెళ్లిచూపులు. హైదరాబాద్‌లో శంషాబాద్ వైపు పెద్ద కన్వెన్షన్ హాళ్లలో చేసేవాళ్లకూ అంతే. ఆ పెళ్లిళ్లు చేసే శక్తి నీకుంటే డబ్బు అక్కడ పెట్టు. అన్నవరం కొండ మీద పెళ్లి చేసుకుని కింద ఫంక్షన్ హాల్లో భోజనాలు పెట్టుకునే కుటుంబం నీ కస్టమరైతే, రోజుకో రీల్ నీకు దండగ. ఆ తీరిక పూల మీద పెట్టు.

నన్ను అన్నిటికన్నా మండించింది ఇంకొకటి. రెండేళ్ల కిందట కాకినాడ దగ్గర ఒక పెళ్లికి కనకాంబరం, మరువం కలిపి అల్లిన పందిరి వేశాం. పదకొండు మంది ఆడవాళ్లు రాత్రంతా కూర్చుని అల్లారు. ఒకావిడ వేళ్లు వాచిపోయాయి. ఆ ఫొటో కింద మూలన మా పేరు వేసుకున్నాం. ఆరు నెలలకు వేరే వాళ్ల పేజీలో అదే ఫొటో కనపడింది, మూల కత్తిరించి. కింద "మా తాజా పని" అని రాసుకున్నారు. ఇది దొంగతనం. నాది ఒక్కటే కాదు, ఎక్కడో థాయ్‌లాండ్ రిసార్టులో వేసిన మండపాన్ని తమదని చూపించి, అడ్వాన్సు తీసుకుని, పెళ్లి రోజు థర్మాకోల్ ఏనుగులు నిలబెట్టి వెళ్లేవాళ్లున్నారు. ఆడపెళ్లివారూ, మీకు ఒక్క మాట. ఎవరైనా ఫొటో చూపిస్తే, "ఇది ఏ ఊళ్లో, ఏ హాల్లో? వేస్తున్నప్పటి ఫొటో ఉందా?" అని అడగండి. పని చేసినవాడి దగ్గర నిచ్చెన మీద నిలబడి దండ కడుతున్న ఫొటో, నేల మీద పూల గోనెల ఫొటో తప్పక ఉంటాయి. ఎత్తుకొచ్చినవాడి దగ్గర అందమైన ఫొటో ఒక్కటే ఉంటుంది.

ఇంతకీ చిన్నవాడు ఎక్కడ నిలబడాలి? నా అనుభవంలో తేలింది ఇది. పేరు చెప్పేది మనిషే. చెప్పిన పేరును ఫోన్‌లో కొట్టి చూసేది కుటుంబం. "రాజమండ్రిలో ఫలానా ఆయన బాగా చేస్తాడు" అని పిన్నిగారు చెప్పగానే ఇంట్లో చదువుకున్న పిల్ల గూగుల్‌లో ఆ పేరు కొడుతుంది. ఆ క్షణంలో అక్కడ నువ్వు లేకపోతే పిన్నిగారి మాట సగం నీరుగారిపోతుంది. గూగుల్ మ్యాప్‌లో వ్యాపారం పేరు పెట్టుకోవడానికి రూపాయి అక్కర్లేదు. దుకాణం లేదు, గోడౌనే ఉంది అంటావా? అడ్రసు కనపడకుండా, ఏ ఊళ్లకు వెళ్లి పని చేస్తావో మాత్రం చూపించే వీలు అందులోనే ఉంది. వెతికినవాళ్లకు ఎవర్ని చూపించాలో గూగుల్ మూడు సంగతులు చూసి నిర్ణయిస్తుంది. అడిగిన దానికి నీ పనికి పొంతన, నువ్వున్న దూరం, నీ పేరుకున్న పలుకుబడి. పలుకుబడి అక్కడ రివ్యూల్లో కనపడుతుంది. పెళ్లి అయిన మూడో రోజు, సత్యనారాయణ వ్రతం కూడా ముగిసి ఇల్లు కుదుటపడ్డాక, పెళ్లికూతురి అన్నకో తమ్ముడికో ఫోన్ చేసి "రెండు మాటలు రాయండి బాబూ, మంచీ చెడూ రెండూ రాయండి" అని అడుగుతాను. అడిగితే రాస్తారు. కొనుక్కున్న రివ్యూల జోలికి పోవద్దు. అవి నిబంధనలకు విరుద్ధం. ఆన్‌లైన్ రివ్యూలు నిజంగా ఉండాలని భారత ప్రమాణాల సంస్థ 2022లోనే ఒక ప్రమాణం కూడా తెచ్చింది. అయినా అబద్ధపు పొగడ్త ఎలా ఉంటుందో పెళ్లి చేసే తండ్రికి చెప్పక్కర్లేదు. సంబంధాలు వెతికిన మనిషి ఆయన.

వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చింది. పనుల ఫొటోలు, ధరలు అందులో కేటలాగ్‌గా పెట్టుకోవచ్చు. అడ్వాన్సు వచ్చినవాళ్లు, రావాల్సినవాళ్లు, పని అయిపోయినవాళ్లు అని లేబుళ్లు కట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్‌లో ఒక జాబితాకు 256 మంది, అదీ నీ నంబరు దాచుకున్నవాళ్లకే చేరుతుంది. చాలామంది దీన్ని లోటనుకుంటారు. నాకు అది మేలు. నా నంబరు దాచుకున్న ఇల్లు అంటే ఒకసారి నా పని చూసిన ఇల్లు. తెల్లవారుజామున మండపం పూర్తవగానే, పెళ్లివారి అనుమతితో, వరుడు వధువు కనపడకుండా పందిరి ఒక్కటే స్టేటస్ పెడతాను. పది గంటల కల్లా ఎవరో ఒకరు అడుగుతారు. 2024 శ్రావణం నుంచి ఏడాది లెక్క చూసుకున్నాను. కొన్న లీడ్లు అరవై పైచిలుకు, వచ్చిన పెళ్లిళ్లు రెండు. పాత కస్టమర్ల మాట మీద, మ్యాప్‌లో చూసి వచ్చినవి పదిహేడు.

గూగుల్, వాట్సాప్ కూడా కౌలు పొలాలే, ఆ సంగతి మరచిపోకూడదు. మా గోదావరి వైపు కౌలు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు, కట్టేది మనం, పొమ్మంటే పోవాల్సిందీ మనమే. మ్యాప్‌లో పేరుతో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో తీసేసింది. కార్డుల మీద ఆ లింకు అచ్చు వేయించుకున్నవాళ్లు ఆ కార్డులు చించేశారు. 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అది మహాలయ పక్షం, పెళ్లిళ్లు లేవు కాబట్టి బతికిపోయాం. అదే మాఘమాసంలో జరిగి ఉంటే, పూల లారీ ఎక్కడుందో, హాలు తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడానికి ఏ నంబరుకు ఫోన్ చేయాలో తెలియక ఎంతమంది రోడ్డున పడేవారో. ఆ మర్నాడే నేను అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. కస్టమర్ పేరు, ఊరు, నంబరు, పెళ్లి తేదీ, ఎవరు చెబితే వచ్చారు. చివరి గడి ముఖ్యం. ఆ గడిలో పదేపదే కనపడే పేర్లకు సంక్రాంతికి స్వీట్ బాక్సు పంపుతాను. నా ప్రకటన ఖర్చు అదే.

ఆ ఆదివారం జంపఖానా మీద కూర్చున్న ఆరుగురం ఒక మాట అనుకున్నాం. లీడ్లు అమ్మే ఏ కంపెనీ ఫోన్ చేసినా ఒకటే జవాబు. ప్రతి లీడ్ పక్కనా అది ఎంతమందికి అమ్మారో రాసి ఇవ్వండి. ఆ కుటుంబం డెకరేషన్ కోసం తానుగా అడిగిందో, ఫొటో చూస్తూ వేలు తగిలి నంబరు వచ్చిందో రాసి ఇవ్వండి. ముహూర్తాలు లేని నెలలకు డబ్బు తీసుకోవద్దు. ఈ మూడూ కాగితం మీద పెట్టిన రోజున ఆరుగురం కలిసి మాట్లాడతాం, విడివిడిగా ఎవరం కట్టం. మొన్న ఫోన్ చేసినతనికి అదే చెప్పాను. "మేనేజర్‌ను అడిగి చెప్తాను సార్" అన్నాడు. పాపం, అతనూ ఎక్కడో నెల జీతానికి పని చేసే కుర్రాడే, గొంతు వింటే తెలిసిపోయింది. స్టూడియో కుర్రాడిని కూడా మాతో కలుపుకున్నాం. ఫొటోగ్రాఫర్లు, సన్నాయి మేళం వాళ్లు, వంట మాస్టర్లు, ఎవరికి ఇలాంటి పుస్తకం ఉన్నా పట్టుకుని మా గోడౌన్‌కు రండి. పక్కపక్కన పెట్టి చూసుకుందాం.