ఒక్క అంకె



మన మైపాడు నుండి చెన్నై వెళ్లి మెడికల్ కోడింగ్ పని చేసుకొనుచున్న ఒక యౌవనస్థుడు సెలవుకు వచ్చి నన్ను కలిశాడు. "అయ్యగారూ, ఇప్పుడు మా పని కంప్యూటరే చేసేస్తోంది. ఇక నేనెందుకు?" అని దిగులుపడ్డాడు.

ఆ పని ఏమిటో చెబుతాను. వైద్యుడు వ్రాసిన కాగితాలు చదివి, ప్రతి జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన కోడు వేయాలి. రక్తపోటుకు ఐ10. పిల్లలలో తరచుగా కనిపించే మొదటి రకం మధుమేహానికి ఇ10, పెద్దలలో ఎక్కువగా వచ్చే రెండవ రకానికి ఇ11. తేడా ఒక్క అంకె! అయితే మొదటి రకం వచ్చిన బిడ్డకు ఇన్సులిన్ లేకపోతే ప్రాణం నిలువదు.

కృత్రిమ మేధ ఎన్నో పుటలను క్షణాల్లో చదువుతుంది. మంచిదే. కాని 2024లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ పరిశోధకులు జబ్బుల, చికిత్సల వివరణలిచ్చి కోడు అడిగినప్పుడు, వారు పరీక్షించిన ఏ నమూనా కూడా సగం సరిగా చెప్పలేకపోయింది. లేని కోడ్లను సైతం కల్పించి చెప్పింది.

అందుకే అతనితో, "బాబూ, కంప్యూటరు సూచించనీ. నీవు రోగి కాగితం చదివి సరిచూడు. ఆ కాగితం వెనుక ఎవరి బిడ్డో ఉన్నది" అన్నాను.

తల్లిదండ్రులారా, మీకును ఒక మాట. ఆసుపత్రి విడిచి వచ్చునప్పుడు డిశ్చార్జి కాగితం అడిగి తీసుకొనండి. పేరు, వయస్సు, జబ్బు సరిగా ఉన్నవో లేవో చదువు వచ్చినవారిచేత చదివించుకొనండి. తప్పుంటే సిగ్గుపడక అక్కడే అడగండి. ఆ కాగితాన్ని భద్రపరచుకొనండి.