సింగ్యులర్ మాట్రిక్స్ ఎర్రర్ నోరు నొక్కకండి

ఈ మధ్య డేటా పని చేసే కుర్రాళ్ళలో ఓ అలవాటు చూస్తున్నా. మోడల్ రన్ చేస్తారు, "సింగ్యులర్ మాట్రిక్స్" అని ఎర్రర్ వస్తుంది. వెంటనే ఇన్వర్స్ ఉన్నచోట సూడో ఇన్వర్స్ పెట్టేస్తారు. ఎర్రర్ మాయం, సాయంత్రానికి స్లైడ్లు రెడీ! కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టేసి పడుకున్నట్టుంది నాకైతే.

అసలు ఆ ఎర్రర్ ఏం చెబుతోంది? "నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఈ డేటాలో లేదు" అంటోంది. అంతే.

ఎవరు ఉద్యోగం మానేస్తారో ముందే చెప్పే మోడల్ ఒకటి తీసుకుందాం. ఒక టీములో నలుగురే ఉన్నారు. వయసు, అనుభవం, జీతం, ప్రయాణ దూరం, కిందటి హైకు... అయిదు కొలతలు. ఆ టీముకి విడిగా కోవేరియన్స్ మాట్రిక్స్ కడితే అది 5×5. కానీ సగటు తీసేశాక నలుగురి నుంచి వచ్చే స్వతంత్ర సమాచారం మూడు దిశల్లోనే. ర్యాంకు 3 దాటదు, డిటర్మినెంట్ సున్నా. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా దానికి ఇన్వర్స్ రాదు.

చిన్న గ్రూపుల్లో ఇంకో రెండు తిరకాసులున్నాయి. టీములో అందరూ ఆన్‌సైట్‌లోనే ఉన్నారనుకోండి, "ఈ టీము × ఆన్‌సైట్" అన్న కాలమ్, ఆ టీము డమ్మీ కాలమ్ అచ్చంగా ఒకటే. అలాగే ఆ టీములో ఒక్కరూ మానెయ్యకపోతే లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఆ టీము కోఎఫిషియెంట్ మైనస్ అనంతం వైపు పరుగెడుతుంది, మాట్రిక్స్ సింగ్యులర్‌కి దగ్గరైపోతుంది.

సూడో ఇన్వర్స్ చెడ్డదని కాదు నా వాదన. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న సి.ఆర్. రావు గారు 1955లో ఇలాంటి అవసరానికే సింగ్యులర్ మాట్రిక్స్‌కి ఒక రకం ఇన్వర్స్ వాడారు. ఆ పేపరు విషయమే గ్రూపుల్లో సంఖ్యలు సమానంగా లేని డేటా! అయితే దానికో షరతుంది. డేటా నుంచి నిజంగా అంచనా కట్టగలిగిన వాటికే ఏ ఇన్వర్స్ వాడినా ఒకే జవాబు వస్తుంది. మిగతావాటికి రాదు. మొగుడూ పెళ్ళాల జీతం కలిపి లక్ష అని మాత్రమే తెలుసనుకోండి. ఎవరిదెంత అంటే సూడో ఇన్వర్స్ చెరో యాభై వేలు అంటుంది. ఆ లక్ష నిజం. యాభై వేలు మాత్రం డేటా చెప్పింది కాదు, లెక్క కుదరడానికి పెట్టుకున్నది.

మరేం చెయ్యాలి? ముందు గ్రూపువారీగా మనుషుల్ని లెక్కపెట్టండి. ఒకే విలువ ఉన్న కాలమ్‌లు, ఒకదాన్నొకటి కాపీ కొట్టే కాలమ్‌లు వెతకండి. ఇంటర్‌సెప్ట్ ఉంటే ఒక డమ్మీ తీసెయ్యండి. అర్థముంటే చిన్న గ్రూపుల్ని కలపండి, కోవేరియన్స్ అన్ని గ్రూపులకీ కలిపి లెక్కకట్టండి. ఒక్కరూ మానెయ్యని టీముకి ఫిర్త్ 1993లో చెప్పిన పెనాల్టీ పద్ధతుంది. రిడ్జ్ అయినా ఫరవాలేదు. కానీ అందులో సగం జవాబు మీరు పెట్టిన పెనాల్టీదేనని రిపోర్టులో రాయండి. ఎర్రర్ రాలేదు కదా అని నిశ్చింతగా కూడా ఉండొద్దు. దాదాపు సింగ్యులర్ అయితే ప్రోగ్రాం కిమ్మనకుండా కొండంత కోఎఫిషియెంట్లు ఇస్తుంది. కండిషన్ నంబర్ ఓసారి చూడండి.

ఇంత రాద్ధాంతం దేనికంటే, వెయ్యి మంది ఉన్న టీముకి ఈ బాధ తక్కువ. నలుగురున్న టీముకే ఎప్పుడూ ఈ అన్యాయం. చెరో యాభై వేలు లాంటి ఓ అంకె చూసి మేనేజరు ఒకరి హైకు ఆపేస్తే, ఆ మనిషికి అది లెక్క కాదని ఎవరు చెబుతారు? "ఈ టీము గురించి చెప్పడానికి డేటా చాలదు" అని రాయడం చేతకానితనం కాదు. చాలాసార్లు ఆ స్లైడులో అదొక్కటే నిజం.